కథ కల్పితమైనా లెక్క తప్పరాదు

కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవని సామెత. కథ అన్నాక కొంత అబద్ధం ఉండనే ఉంటుంది, దానిని పట్టుకుని ఎలా, ఎందుకు అని అడగరాదని పెద్దల భావం. కానీ కంప్యూటర్ల మీద, టీవీలకు తగిలించే ఆట పెట్టెల మీద ఆడే సైన్సు కథల ఆటల విషయంలో ఈ సామెత చెల్లడం లేదు. ఫలానా ఆటలోని కథకు కాళ్లున్నాయా లేదా, ఉంటే అవి నేల మీద ఆనుతున్నాయా లేదా అని అభిమానులు ఏళ్ల తరబడి తగువులాడుకుంటున్నారు. పనీపాటా లేనివారి గోల అని దీనిని కొట్టిపారేసేవారే ఎక్కువ. అయితే ఈ తగువులు ఏమిటో, వాటిలో ఏ లెక్కలు దొర్లుతున్నాయో చూసినవారు అంత తేలికగా కొట్టిపారేయలేరు.

నాటకంలో గడియారం

పల్లెల్లో పద్యనాటకాలు చూసి పెరిగిన పెద్దలకు ఈ సంగతి కొత్త కాదు. కృష్ణుడు సభలో విశ్వరూపం చూపించినప్పుడు అదెలా సాధ్యమని ఎవరూ అడగరు. దేవుడు గనుక చూపించాడని సరిపెట్టుకుంటారు. కానీ అదే కృష్ణుడి చేతికి గడియారం కనిపించిందా, పందిరంతా గొల్లుమంటుంది. విశ్వరూపం కంటే గడియారం పెద్ద అబద్ధమా అంటే కాదు. విశ్వరూపం ఆ కథ ఒప్పందంలో ఉంది, గడియారం లేదు. అంతే తేడా.

సైన్సు ఆటల అభిమానుల తగువులన్నీ ఈ గడియారం చుట్టూనే తిరుగుతాయి. కథ మొదట్లో ఒక పెద్ద అబద్ధాన్ని ఒప్పుకోమంటుంది. ఆడేవాళ్లు సరేనంటారు. ఆ తరువాత కథ తాను పెట్టిన షరతును తానే తప్పితే మాత్రం ఊరుకోరు. ఇందుకు మంచి ఉదాహరణ మాస్ ఎఫెక్ట్ అనే ఆట.

ఒక్క అబద్ధం మీద నిలిచిన కథ

కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో 1995లో వైద్య విద్య చదివిన డాక్టర్లు కలిసి బయోవేర్ అనే ఆటల సంస్థను పెట్టారు. ఆ సంస్థ 2007 నవంబరులో మాస్ ఎఫెక్ట్ మొదటి భాగాన్ని, 2010 జనవరిలో రెండో భాగాన్ని, 2012 మార్చిలో మూడో భాగాన్ని విడుదల చేసింది. షెపర్డ్ అనే సేనాధికారి కథ ఇది. నక్షత్ర మండలంలో నాగరికత పెరిగిన జాతులన్నిటినీ యాభై వేల ఏళ్లకొకసారి కోతకోసినట్లు కోసుకుపోయే రీపర్లు అనే యంత్రాల బారినుంచి లోకాన్ని కాపాడడం అతని పని. ఆడేవారు ఇష్టమైతే షెపర్డ్‌ను ఆడమనిషిగానూ పెట్టుకోవచ్చు. మొదటి భాగంలో తీసుకున్న నిర్ణయాలు రెండు, మూడు భాగాలకు వెంట వస్తాయి. అంటే ఆడేవాడు ఈ కథతో అయిదేళ్లు కాపురం చేసినట్లే.

ఈ కథ కోరే పెద్ద మినహాయింపు ఒక పదార్థం. దానికి ఎలిమెంట్ జీరో అని పేరు పెట్టారు. దానిలోంచి కరెంటు పంపితే చుట్టూ ఉన్న వస్తువుల ద్రవ్యరాశి పెరుగుతుంది లేదా తగ్గుతుందట. ఇది పచ్చి కల్పన, అలాంటి పదార్థం లోకంలో లేదు. అయితే ఓడలు కాంతిని మించి పోవడం, తుపాకులు పేలడం, నక్షత్రాల మధ్య రిలేలు అనే పెద్ద యంత్రాల ద్వారా ప్రయాణాలు సాగడం అన్నీ ఈ ఒక్క కల్పన మీదే కట్టారు. దేనికి ఏది కారణమో చెప్పే చిన్న నిఘంటువు కూడా ఆటలోనే ఉంది. ఒక్క అబద్ధం చెప్పి మిగతా లెక్కంతా సక్రమంగా నడుపుతామన్నట్లుగా ఉండడంతో అభిమానులు కూడా పద్దు పుస్తకం తెరిచి కూర్చున్నారు.

ఫ్లాస్కు చెప్పే పాఠం

షెపర్డ్ ఎక్కే ఓడ పేరు నార్మండీ. శత్రువుకు కనిపించకుండా పోగలగడం దాని గొప్ప. ఎలాగంటే, ఓడలో పుట్టే వేడిని బయటికి పోనీయకుండా లోపలే దాచుకుంటుందని కథ చెబుతుంది. మామూలు పాఠకుడికి ఇదేదో తోచిన మాట రాసినట్లు అనిపిస్తుంది గానీ, ఇందులో బడి పాఠం ఉంది.

వేడి ఒకచోటి నుంచి మరోచోటికి మూడు విధాలుగా పోతుంది. తగిలి ఉన్న వస్తువు ద్వారా పోవడం ఒకటి, గాలి లేదా నీరు మోసుకుపోవడం రెండు, కిరణాల రూపంలో వెలువడడం మూడు. టీ ఫ్లాస్కులో రెండు గోడల నడుమ గాలి తీసేస్తారు గనుకనే టీ చాలాసేపు వేడిగా ఉంటుంది. అంతరిక్షం అంతా అలాంటి ఖాళీయే. అక్కడ ఓడ వేడి కిరణాల రూపంలో తప్ప పోలేదు. ఆ కిరణాలను పట్టే పరికరాలు ఉంటాయి గనుక చీకట్లో పొయ్యి కనిపించినట్లు ఓడ దూరానికే దొరికిపోతుంది. దొరకకూడదంటే వేడిని మింగాలి. మింగిన కొద్దీ లోపలివాళ్లు ఉడికిపోతారు. అందుకే కొన్ని గంటల తరువాత వేడిని వదలక తప్పదని ఆటే ఒప్పుకుంటుంది. అభిమానులు ఈ భాగానికి మార్కులు వేశారు. వేడి ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు కథ దగ్గర జవాబు ఉంది గనుక వేశారు.

తూటాల తగువు

అదే వేడి రెండో భాగంలో కథకు ఎదురు తిరిగింది. మొదటి భాగంలో తుపాకులకు తూటాల కొరత ఉండదు. లోపల ఉన్న లోహపు దిమ్మ నుంచి రవ్వంత ముక్క చీల్చి అమిత వేగంతో వదులుతాయి. ఒక దిమ్మ వేల సార్లకు సరిపోతుంది. ఎక్కువసేపు కాలిస్తే తుపాకి వేడెక్కి కాసేపు ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. రెండో భాగం వచ్చేసరికి వేడిని పీల్చుకునే చిన్న డబ్బాలు పెట్టారు. డబ్బా నిండగానే తీసి పారేసి కొత్తది పెట్టాలి. డబ్బాలు అయిపోతే తుపాకి కాలదు.

ఆట రక్తి కట్టాలంటే తూటాలు వెతుక్కునే అవసరం ఉండాలని తయారీదారులు అనుకుని ఉండవచ్చు. కానీ అభిమానులు రెండు ప్రశ్నలు వేశారు. డబ్బాలు లేనప్పుడు పాత తుపాకి మాదిరిగా ఇది తనంతట తాను ఎందుకు చల్లారదు? ఇది మొదటి ప్రశ్న. రెండోది ఇంకా గట్టిది. కథ ప్రకారం ఈ డబ్బాల వాడకం షెపర్డ్ చనిపోయి మళ్లీ బతికివచ్చిన రెండేళ్ల మధ్యలో వచ్చింది. అయితే ఒక ఘట్టంలో పదేళ్ల కిందట కూలిపోయి, బయటి లోకంతో సంబంధం లేకుండా పడి ఉన్న ఓడ వద్దకు షెపర్డ్ వెళతాడు. ఆ ఓడ పేరు హ్యూగో గెర్న్స్‌బాక్. అమెరికాలో 1926లో తొలి సైన్సు కథల పత్రికను స్థాపించిన సంపాదకుడి పేరే దానికి పెట్టారు. అక్కడ చూస్తే కొత్త డబ్బాలు బోలెడు పడి ఉన్నాయి! పదేళ్లుగా దిక్కు లేనివారికి రెండేళ్ల కిందటి సరుకు ఎవరు చేరవేశారు? కృష్ణుడి చేతి గడియారం అంటే ఇదే. సైన్సు కథలకు ఆద్యుడైన వ్యక్తి పేరున్న ఓడలోనే ఈ లొసుగు దొరకడం విచిత్రం.

ఇది కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఏది ముందు, ఏది వెనుక అని తేదీలు సరిచూసుకునే అలవాటుంటే చాలు. రేషన్ కార్డు పుట్టకముందే సరుకు ఇచ్చినట్లు పద్దు రాస్తే పట్టుకునే తెలివి ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఇనుప గుండు లెక్క

రెండో భాగంలోనే ఒక సైనిక శిక్షకుడు కొత్త సైనికులను మందలించే ఘట్టం ఉంది. యుద్ధ ఓడ ఫిరంగి 20 కిలోల లోహపు గుండును కాంతి వేగంలో 1.3 శాతం వేగంతో వదులుతుందని, అది తగిలితే 38 కిలోటన్నుల బాంబుతో సమానమని, హిరోషిమా మీద వేసిన బాంబుకు మూడు రెట్లని అతను చెబుతాడు. గురి తప్పిన గుండు అంతరిక్షంలో ఆగదని, ఏనాటికో ఎక్కడో ఎవరికో తగులుతుందని కూడా హెచ్చరిస్తాడు. న్యూటన్ జడత్వ నియమాన్ని ఇంత సూటిగా చెప్పిన ఆట అరుదని అభిమానులు మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోలేదు, లెక్క కట్టారు.

ఆ లెక్క హైస్కూలు విద్యార్థి కట్టగలిగినదే. కాంతి వేగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. అందులో 1.3 శాతం అంటే 3,900 కిలోమీటర్లు. బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిశక్తి వస్తుంది. గుణిస్తే సుమారు 152 లక్షల కోట్ల జౌల్స్ తేలుతుంది. ఒక కిలోటన్ను అంటే 4.18 లక్షల కోట్ల జౌల్స్. భాగిస్తే 36 కిలోటన్నులు. ఆట చెప్పిన 38కి ఇది దగ్గరే. హిరోషిమా బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులని అంచనా. ఆ లెక్కన మూడు రెట్లు కాదు, రెండున్నర రెట్లు. శిక్షకుడు కొంచెం పెంచి చెప్పాడు. అయినా కథ రాసినవారు కాగితం మీద లెక్క వేసుకునే రాశారని తేలింది. అంకెలు చెప్పి నిలబడిన కథకు గౌరవం దక్కింది.

తెలిసి చేసిన తప్పు

అన్ని తప్పులూ లొసుగులు కావు. మెక్సికో నగరంలోని స్క్వాడ్ అనే సంస్థ నుంచి 2011లో కెర్బల్ స్పేస్ ప్రోగ్రాం అనే ఆట తొలిసారి జనంలోకి వచ్చింది. పూర్తి రూపం 2015 ఏప్రిల్‌లో విడుదలయింది. ఇందులో ఆడేవారు రాకెట్‌ను ముక్కముక్కగా కట్టి పైకి పంపాలి. బరువు ఎక్కువైతే లేవదు, ఇంధనం తక్కువైతే కక్ష్యకు చేరదు. కెర్బిన్ అనే ఆ లోకం వ్యాసార్థం 600 కిలోమీటర్లు మాత్రమే. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. అయినా రెండు చోట్లా నేల మీద ఆకర్షణ ఒకటే.

ఇదెలా కుదురుతుందని అభిమానులు లెక్క తీశారు. అంత చిన్న గోళానికి అంత ఆకర్షణ ఉండాలంటే అది భూమి కంటే పదిన్నర రెట్లు చిక్కని పదార్థంతో చేసినదై ఉండాలి. ఘన సెంటీమీటరుకు 58 గ్రాములన్న మాట. సీసం 11 గ్రాములే. భూమి మీద దొరికే లోహాల్లో అత్యంత సాంద్రమైన ఆస్మియం కూడా 23 గ్రాములకు లోపే. కాబట్టి కెర్బిన్ లాంటి లోకం ఉండడానికి వీల్లేదు.

అయినా ఈ ఆటను ఎవరూ వెక్కిరించలేదు. లోకం చిన్నదైతే కక్ష్యకు చేరడానికి కావలసిన వేగమూ తక్కువే. కెర్బిన్ చుట్టూ దగ్గరి కక్ష్యలో తిరగడానికి సెకనుకు రెండున్నర కిలోమీటర్ల లోపు వేగం చాలు. శ్రీహరికోట నుంచి వెళ్లే రాకెట్లు భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహాన్ని నిలపాలంటే ఏడున్నర కిలోమీటర్ల వేగం అందుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాడికి పని సులువు కావడానికి కొలత తగ్గించినట్లు స్పష్టంగా కనిపిస్తుంది, నియమం మాత్రం అలాగే ఉంది. పిల్లవాడికి చిన్న తక్కెడ ఇచ్చినా తూకం న్యాయంగానే ఉన్నట్లు. తెలిసి, ఒక ప్రయోజనం కోసం, ఆటంతటా ఒకే తీరుగా చేసిన తప్పును అభిమానులు మన్నించారు. ఈ తేడా గ్రహించడమే ఈ వాదనలలోని అసలు విద్య.

2012లో రగడ

మాస్ ఎఫెక్ట్ మూడో భాగం ముగింపు దగ్గర తగువు ముదిరింది. చివరలో షెపర్డ్ ముందు మూడు దారులు ఉంటాయి. ఏ దారి ఎంచుకున్నా నక్షత్రాల మధ్య రిలేలన్నీ పేలిపోతాయి. చూపిన దృశ్యాలు చాలామటుకు ఒకటే, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల తేడా తప్ప. ఆడేవారి నిర్ణయాలను బట్టి ముగింపులు మారతాయని ముందు నుంచీ చెప్పిన మాట ఏమైందని అభిమానులు నిలదీశారు.

రంగుల కంటే గట్టి ప్రశ్న మరొకటి ఉంది. అంతకు ఏడాది ముందు, 2011 మార్చిలో వచ్చిన ఒక అనుబంధ కథలో ఒక్క రిలే పేలితే ఆ నక్షత్రం చుట్టూ ఉన్న లోకమంతా బూడిదయింది, మూడు లక్షలకు పైగా ప్రాణులు పోయాయి. ఒకటి పేలితేనే అంత నాశనమైతే అన్నీ పేలాక ఎవరు మిగిలినట్లు? షెపర్డ్ కాపాడింది ఎవరిని? పైగా చివరి పోరులో షెపర్డ్ పక్కన నేల మీద ఉన్న సహచరులు కాసేపటికి ఓడలో ఎలా ప్రత్యక్షమయ్యారు? ఈ ప్రశ్నలకు కథలో జవాబు లేదు.

అభిమానులు నిరసన తెలిపిన తీరు కూడా గమనార్హం. కొందరు చందాలు వేసుకుని మూడు రంగుల పూత పూసిన సుమారు 400 చిన్న కేకులను సంస్థకు పంపారు. రంగులు మూడు, రుచి ఒకటే. చెప్పదలచినది అందులోనే ఉంది. సంస్థ వాటిని యువకుల ఆశ్రయానికి ఇచ్చివేసింది. మరికొందరు పిల్లల ఆసుపత్రులకు ఆట వస్తువులు అందించే ధర్మసంస్థకు 80 వేల డాలర్లకు పైగా పోగుచేసి ఇచ్చారు. వ్యాపార మోసాలను విచారించే అమెరికా ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు పంపినవారూ ఉన్నారు. చివరకు సంస్థ స్థాపకుల్లో ఒకరైన రే ముజైకా బహిరంగ లేఖ రాశారు. 2012 జూన్ 26న ముగింపును విస్తరించిన భాగాన్ని ఉచితంగా ఇచ్చారు. రిలేలు దెబ్బతిన్నా లోకాలు నిలిచాయని, వాటిని తిరిగి బాగుచేసుకుంటున్నారని అందులో చూపించారు. సహచరులను ఓడ ఎక్కించే దృశ్యం కూడా చేర్చారు. ముగింపు అసలు స్వరూపం మాత్రం మార్చలేదు.

హద్దు మీరినవారు

ఇదంతా మెచ్చుకోదగినదే అయినా అభిమానుల వైపు తప్పులు లేకపోలేదు. కథ నచ్చకపోతే రాసినవారిని వ్యక్తిగతంగా దూషించినవారు ఉన్నారు. పద్దులో తప్పు చూపడం వేరు, గుమాస్తాను బూతులు తిట్టడం వేరు. తిట్టు మొదలైన చోట ప్రశ్న చచ్చిపోతుంది.

రెండో తప్పు ఇంతకంటే సూక్ష్మమైనది. ముగింపులో లొసుగులేమీ లేవని, శత్రు యంత్రాలు షెపర్డ్ మనసును వశం చేసుకోవడం వల్ల అతనికి కనిపించిన భ్రమే ఆ దృశ్యమని కొందరు అభిమానులు ఒక వాదం లేవదీశారు. దానికి పుటలకు పుటలు ఆధారాలు చూపారు. అతుకని మాట కనిపించిన ప్రతిచోటా అది కూడా భ్రమలో భాగమేనన్నారు. వినడానికి ఇంపుగానే ఉన్నా, ఇలాంటి వాదంలో ఒక చిక్కు ఉంది. ఏ తప్పు చూపినా అది తమ మాటకు రుజువేనని చెప్పేవాడిని ఎన్నటికీ ఓడించలేము. ఓడిపోయే వీలు లేని వాదం గెలిచినట్లూ కాదు. తాయెత్తు పనిచేస్తే తాయెత్తు మహిమ, పనిచేయకపోతే కట్టుకున్నవాడి నమ్మకం చాలలేదు అనే మాట పల్లెల్లో విననిది కాదు.

ఊళ్లకు ఏమి సంబంధం?

కెనడాలోనో మెక్సికోలోనో తయారయిన ఆటల తగువుతో పొలం పనులు చేసుకునేవారికి ఏమి పని అని అడగవచ్చు. ఊళ్లలో పిల్లల చేతుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉన్నాయి, ఆటలూ ఉన్నాయి. నిద్ర చెడగొట్టుకునేవారు, చదువు మానేవారు ఉన్నారు. పందెం ఆటల్లో డబ్బు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం కూడా చేసింది. పెద్దల భయం అర్థం లేనిది కాదు. కానీ ఆట అన్న పేరున్నదల్లా ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. డబ్బు లాగే ఆట వేరు, కథ చెప్పి ప్రశ్న పుట్టించే ఆట వేరు.

ప్రశ్న ఎక్కడ పుట్టినా దాని విలువ ఒకటే. ఓడలో పుట్టిన వేడి ఎక్కడికి పోయిందని అడగడం నేర్చినవాడు, గొలుసుకట్టు పథకం మనిషి వచ్చి ఏడాదిలో సొమ్ము రెట్టింపు చేస్తామన్నప్పుడు ఆ అదనపు సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందని కూడా అడుగుతాడు. పదేళ్ల కిందటి ఓడలో రెండేళ్ల కిందటి సరుకు ఎలా ఉందని పట్టుకున్నవాడు, విత్తనాల సంచీ మీద తేదీ, రసీదు మీద తేదీ సరిచూసుకుంటాడు. గుండు శక్తి 38 కాదు 36 అని లెక్క తీసినవాడు, కాటా మీద తూకాన్ని, బ్యాంకు కాగితం మీద వడ్డీని వేలు మడిచి లెక్క పెట్టుకుంటాడు. ఇవన్నీ జరిగి తీరుతాయని కాదు. అడిగే అలవాటు ఒకచోట పడితే మరోచోటికి తీసుకుపోవడం సులువని మాత్రం చెప్పవచ్చు. అసలు అలవాటే లేనివాడు ఎక్కడా అడగలేడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మరో సామెత ఉంది. చాలా ఇళ్లలో, కొన్ని బడుల్లో ఇప్పటికీ జరుగుతున్నది ఇదే. పాఠం మధ్యలో అదెలా అని లేచిన కుర్రవాడిని కూర్చోమంటారు. సినిమా చూసి వచ్చి అది కుదరదని వాదించే పిల్లను నోరు మూసుకోమంటారు. ఆ పిల్లలే కొన్నాళ్లకు అడగడం మానేస్తారు. అడగడం మానినవారు ఉన్న ఊరిలో మోసగాడికి పని తేలిక. అరవై డాలర్లు పెట్టి కొన్న కథలో లెక్క తప్పితే దూరదేశాల్లో జనం నిలదీసి జవాబు రాబట్టారు. కష్టార్జితం పెట్టి కొనే విత్తనానికి, ఎరువుకు, చదువుకు, వైద్యానికి జవాబు అడగడానికి ఇక్కడివారు జంకడం విచారకరం.

ఇకనైనా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఒక పని చేయాలి. పిల్లలు ఆట గురించో, సినిమా గురించో ఇది ఎలా సాధ్యమని వాదించుకుంటుంటే కసరకుండా కాగితం, పెన్సిలు చేతికివ్వాలి. ఎంత వేగమో, ఎంత బరువో, ఏది ముందో, ఏది వెనుకో రాసి చూపమనాలి. తేలని చోట సైన్సు మాస్టారు సాయం చేయాలి. 20 కిలోల గుండు లెక్క నల్లబల్ల మీద వేస్తే తరగతిలో నిద్రపోయేవాడు ఉండడు. లెక్క తప్పితే తప్పని ఒప్పుకోవడం, తెలిసి చేసిన చిన్న తప్పును మన్నించడం, ఎదుటివాడిని తిట్టకుండా నిలదీయడం కూడా అక్కడే నేర్పాలి. ఫోను ఎంతసేపు చూడాలన్న హద్దు పెద్దలు పెట్టవచ్చు, పెట్టాలి కూడా. ప్రశ్నకు మాత్రం హద్దు పెట్టరాదు.